గోడ కూలగానే కథ కూడా ఎందుకు కూలుతోంది? (టీనేజ్ డిస్టోపియా సినిమాలు)

మూడో_ఆట
హంగర్ గేమ్స్, డైవర్జెంట్, మేజ్ రన్నర్. మూడూ డిస్టోపియాలే, అంటే క్రూరమైన వ్యవస్థలో చిక్కుకున్న కుర్రాళ్ల కథలు. ఈ మూడు సిరీస్‌లూ వరసపెట్టి చూసినవాళ్లకి ఒకటే అనుమానం రావాలి. మొదటి భాగం రెప్ప వేయనివ్వదు. మూడో భాగానికి వచ్చేసరికి బూడిదరంగు కారిడార్లు, తుపాకులు, ఎవరు ఎవరి పక్షమో అంతుపట్టని పెద్దాళ్ల మీటింగులు. డైవర్జెంట్ లెక్కే చూడండి. ప్రపంచవ్యాప్తంగా మొదటిది సుమారు 29 కోట్ల డాలర్లు, రెండోది దాదాపు 30, మూడోది 18 దగ్గర ఆగిపోయింది. నాలుగోదాన్ని థియేటర్ నుంచి టీవీకి మార్చారు, ఆ తర్వాత అసలే తీయలేదు. "ఆఖరి పుస్తకాన్ని రెండు ముక్కలు చేశారు కాబట్టి" అన్న మాట అందరూ అంటారు. అదొక్కటేనా, లేక కథ కట్టుబడిలోనే లోపం ఉందా? ఒక షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ కోసం అడుగుతున్నా, కాబట్టి "బాగుంది, బాలేదు" కాకుండా కారణాలు చెప్పండి.

చివరిబెంచీ
డబ్బాశ. టాపిక్ క్లోజ్ చేయొచ్చు.

కత్తెరపోటు
చివరిబెంచీ, డబ్బాశ నిజమే గానీ దానివల్ల తెర మీద ఏం చెడిందో చెప్పాలిగా. పుస్తకాన్ని మధ్యకి కోస్తే మొదటి ముక్కకి క్లైమాక్స్ ఉండదు. హంగర్ గేమ్స్ ఆఖరి పుస్తకం మాకింగ్‌జే. దాని మొదటి భాగం సినిమా 123 నిమిషాలు, రెండోది 137. అంటే మొత్తం 260 నిమిషాలు. ఆ పుస్తకం సగం దాకా నాయిక చేసే పనల్లా దాక్కోవడం, ఏడవడం, ప్రచార వీడియోల్లో నటించడం. దాంతో ఖాళీ నింపడానికి కొత్త సీన్లు పుట్టించాల్సి వచ్చింది. కొన్ని బ్రహ్మాండంగా కుదిరాయి. ఉరిచెట్టు పాట ఆమె గొంతులో మొదలై జనం గొంతుల్లోకి పాకి, ఆనకట్ట పేల్చే దాకా వెళ్తుంది కదా, ఆ ఆనకట్ట పుస్తకంలో లేదు. కానీ అలాంటివి సినిమాకి రెండో మూడో దొరుకుతాయి. మిగతాదంతా సాగదీతే.

ఎక్కడ కోశారో కూడా చూడండి. నాయికతో కలిసి ఆట ఆడిన పీటా వచ్చి ఆమె గొంతు పట్టుకుంటాడు, ఆ తర్వాత కట్టేసి ఉన్న అతన్ని ఆమె అద్దంలోంచి చూస్తుంది, సినిమా అయిపోయింది. ఇంటర్వెల్ బ్యాంగ్‌గా అది అదుర్స్. కాకపోతే ఇంటర్వెల్ ఏడాది పాటు నడిచింది.

పదమూడో_జిల్లా
ఏడాది ఇంటర్వెల్ 😂 పాప్‌కార్న్ మెత్తబడిపోయి ఉంటుంది

సబ్‌టైటిల్_సుబ్బులు
కత్తెరపోటు గారూ, దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్స్ కూడా 2023లో ఆ విభజన తప్పేనని ఒప్పుకున్నాడు. అందుకే హంగర్ గేమ్స్‌కి ముందు జరిగే కథ, ఆ పాటలపక్షులు, పాముల సినిమాకి అంత లావు పుస్తకం ఉన్నా ఒక్క భాగంలోనే ముగించారు.

గోడదాటినోడు
విభజన ఒక రోగం, ఒప్పుకుంటా. కానీ మేజ్ రన్నర్‌లో ఏ పుస్తకాన్నీ రెండుగా చేయలేదు. వసూళ్లు 35, 31, 29 కోట్లు, మెల్లగా దిగాయంతే. అయినా మొదటి సినిమా గుర్తున్నట్టు మూడోది ఎవరికీ గుర్తుండదు. కాబట్టి అసలు జబ్బు వేరే ఉంది.

ఈ కథలన్నీ ఒక నియమం మీద నిలబడతాయి. ఆ నియమం ఒక్క ఊపిరిలో చెప్పగలిగేది అయ్యుండాలి. హంగర్ గేమ్స్: 12 జిల్లాలు, జిల్లాకి ఇద్దరు, 24 మందిలో ఒక్కరు మిగలాలి. మేజ్ (ఎత్తైన గోడల చిక్కుదారి): చీకటి పడేసరికి తలుపులు మూసుకుంటాయి, రాత్రి లోపల చిక్కినవాడు తిరిగి రాడు. డైవర్జెంట్: 16 ఏళ్లకి ఐదు వర్గాల్లో ఒకటి ఎంచుకో, ఇక వెనక్కి రాలేవు. ఎనిమిదో క్లాసు పిల్లాడికి అర నిమిషంలో ఎక్కుతుంది. ఎక్కిన క్షణం నుంచి వాడే లెక్కలు వేసుకుంటాడు, "నేనైతే ఏం చేసేవాణ్ణి" అని.

ఇప్పుడు మూడో భాగంలో గోడ దూకేశారు. దాంతో ఆ నియమం రద్దు. డైవర్జెంట్ మూడోది అల్లీజియంట్‌లో గోడ అవతలికి వెళ్లగానే జన్యువులు, శుద్ధమైనవాళ్లు, దెబ్బతిన్నవాళ్లు, జ్ఞాపకం చెరిపే గ్యాస్, ఒక బ్యూరో, దానికో పెద్దమనిషి. రెండు సినిమాలు కష్టపడి నేర్చుకున్న ఐదు వర్గాలూ బూడిదలో పోసినట్టే. ప్రేక్షకుడు మళ్లీ ఒకటో క్లాసులో చేరాలి. 11 కోట్ల డాలర్ల బడ్జెట్ పెట్టినా ఆ ఫీజు కట్టడానికి జనం రాలేదు.

చివరిబెంచీ
ఇది బాగుంది. డబ్బాశ వెనక్కి తీసుకుంటున్నా. సగం.

సబ్‌టైటిల్_సుబ్బులు
గోడదాటినోడు, మీ సిద్ధాంతానికి రెండు చిల్లులు. ఒకటి, హంగర్ గేమ్స్ రెండో భాగం క్యాచింగ్ ఫైర్. అది మొదటిదానికన్నా ఎక్కువ వసూలు చేసింది, 86 కోట్ల పైన. చాలామందికి అదే బెస్ట్. రెండు, మేజ్ రన్నర్ రెండో భాగం స్కార్చ్ ట్రయల్స్‌లో గోడ బయటే కదా కథంతా. మరి 31 కోట్లు ఎలా వచ్చాయి?

గోడదాటినోడు
క్యాచింగ్ ఫైర్ నా సాక్షి, మీ సాక్షి కాదు. 😄 అందులో మళ్లీ గోడ లోపలికే వెళ్లారు, పైగా కొత్త నియమంతో. అరీనా ఒక గడియారం. 12 ముక్కలు, గంటకో ముక్క నిద్రలేస్తుంది. ఒకచోట పిడుగు, ఒకచోట నెత్తుటి వాన, ఒకచోట విషపు పొగమంచు, ఒకచోట కోతులు. అది గడియారమని పాత్రకి వెలిగేదాకా మనకీ వెలగదు. వెలిగాక ప్రతి ముక్కలోనూ టైమ్ చూసుకుంటూ కూర్చుంటాం.

స్కార్చ్ సంగతి. పుస్తకంలో అక్కడ కూడా నియమం ఉంది. ఎడారి దాటడానికి రెండు వారాల గడువు, అదొక పరీక్ష. సినిమాకొచ్చేసరికి పరీక్ష పీకేశారు. ఉత్త పారిపోవడం మిగిలింది. పరుగులు బాగా తీశారు, కాదనను. కానీ ఎక్కడికి, ఎప్పటిలోగా అంటే జవాబు లేదు. వసూళ్లు మొదటి సినిమా సంపాదించి పెట్టిన అప్పు. సీక్వెల్‌కి మొదటి వారం టికెట్లు అమ్మేది వెనకటి భాగమే.

కత్తెరపోటు
దీనికి తోడు ఒకటి చెప్తా. మాకింగ్‌జే రెండో భాగం తీసినవాళ్లకీ ఈ సంగతి తెలుసు. రాజధాని వీధుల్లో ఉచ్చులు పరిచి, వాటిని చూపించే మ్యాప్ ఒకటి చేతికిచ్చి, ఊరినే అరీనా చేశారు. సినిమాలో ఒక పాత్ర దీన్ని 76వ ఆటగా లెక్కేస్తాడు కూడా. నల్లటి తారు చతురస్రపు ఆవరణలోకి పొంగి వచ్చే సీన్, సొరంగంలో చీకటి సీన్, ఈ రెండూ బిగుతుగా ఉండడానికి కారణం అదే. అంటే నియమం ఉన్నంతసేపూ సినిమా ఊపిరి పీల్చింది.

రంగులడబ్బా
మీరంతా కథే మాట్లాడుతున్నారు. కన్నుకి ఏం తగ్గిందో చెప్తా. మొదటి భాగాల్లో ఒక్క ఫ్రేములో తేడా తెలుస్తుంది. హంగర్ గేమ్స్‌లో నాయిక ఊరు, ఆ బొగ్గు జిల్లా జనం వెలిసిపోయిన నీలం, బూడిద. వాళ్ల మధ్యలో రాజధాని నుంచి వచ్చిన ఎఫీ గులాబీ రంగు విగ్గుతో నిలబడితే డైలాగు అక్కర్లేదు. మూడో భాగంలో అందరినీ భూగర్భంలో పెట్టి ఒకే బూడిదరంగు యూనిఫాం తొడిగారు. పోల్చుకోవడానికి రెండో రంగే లేదు.

అందుకే ఎఫీని ఆ బంకర్లోకి తెచ్చారని నా ఉద్దేశం. పుస్తకంలో ఆమె అక్కడ ఉండదు, వేరేవాళ్ల పనులు ఆమెకిచ్చారు. ఇచ్చిన యూనిఫాంనే తలకి గుడ్డ కట్టి, నడుం దగ్గర బిగించి, తనకి తోచినట్టు మార్చుకుంటుంది. ఆ గుడ్డ ముడిలో ఉన్నంత తిరుగుబాటు ఆ సినిమా ఉపన్యాసాల్లో లేదు.

ద గివర్ (2014) రంగునే కథ చేసుకుంది. నలుపు తెలుపులో మొదలై, కుర్రాడికి జ్ఞాపకాలు అందే కొద్దీ రంగు ఎక్కుతుంది. ఆలోచన పుస్తకానిదే. తెర మీద ఇంకా బాగా పనిచేసింది. చెడింది వయసు దగ్గర. పుస్తకంలో వాడికి 12 ఏళ్లు. సినిమాలో బాగా పెద్దవాణ్ణి చేసి ప్రేమ కలిపారు. 12 ఏళ్ల పిల్లాడికి ఎరుపు మొదటిసారి కనబడడం వేరు, గడ్డం గీసుకునేవాడికి కనబడడం వేరు.

పదమూడో_జిల్లా
వయసు మాటొచ్చింది కాబట్టి. మేజ్ రన్నర్ మూడోదాని షూటింగ్‌లో 2016లో హీరోకి దెబ్బలు తగిలి బాగా ఆలస్యమైంది, 2018 జనవరిలో వచ్చింది. అప్పటికి అతనికి 26. ఇంకో భాగం తీసుంటే ఆ చిక్కుదారుల్లో పిల్లల స్కూలు ఫీజుల గురించి మాట్లాడుకునేవాళ్లు.

కత్తెరపోటు
నవ్వులాటకన్నా అది నిజమైన ఇబ్బంది. అందుకే ఈ సిరీస్‌లు ఏడాదికొకటి చొప్పున తరుముకుంటూ తీస్తారు. హంగర్ గేమ్స్ నాలుగూ 2012 నుంచి 2015 లోపు అయిపోయాయి. తరిమితే స్క్రిప్టు ఉడకదు, ఆగితే మొహాలు ముదురుతాయి.

నెత్తురుచుక్క
టాపిక్ పక్కకి వెళ్తున్నా ఒకటి అడగాలి. 24 మంది పిల్లలు ఒకళ్లనొకళ్లు చంపుకునే సినిమాకి పీజీ-13 (అమెరికాలో పిల్లలు కూడా చూడగలిగే రేటింగ్) ఎలా ఇచ్చారు? అదే బ్యాటిల్ రాయల్ (2000) కి జపాన్‌లో ఆర్15+. 14, 15 ఏళ్ల పిల్లల కథ, అందులో 15 నిండనివాళ్లు చూడకూడదు.

కత్తెరపోటు
చంపడం చూపించరు, చంపినట్టు తెలిసేలా చేస్తారు. హంగర్ గేమ్స్ మొదటి సినిమాలో కార్నుకోపియా సీన్ (ఆట మొదలవగానే ఆయుధాల కుప్ప దగ్గర జరిగే నరుకులాట) ఆపి ఆపి చూడండి. గంట మోగాక అసలు చప్పుళ్లు దాదాపు తీసేశారు. కేకలు లేవు, లోహం శబ్దం లేదు. కెమెరా చేతిలో ఊగుతూ ఉంటుంది, ఏ షాటూ పూర్తిగా నిలవదు. ఎత్తిన చేయి ఒక షాట్, పడిన ఒళ్లు ఇంకో షాట్. ఆయుధం దిగడం, గాయం, ఈ రెండూ ఒకే ఫ్రేములో రావు. రేటింగ్ బోర్డు ముందు ఈ తేడాకే విలువ.

బ్రిటన్‌లో 12ఏ (12 ఏళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చూడగలిగే రేటింగ్) రావడానికి అదీ చాలలేదు. ఇంకో 7 సెకన్లు కోయడమో మార్చడమో చేశారు. ఆయుధాల మీద, గాయాల మీద నెత్తురు డిజిటల్‌గా తుడిచారు. 7 సెకన్లంటే మీకు తక్కువ అనిపించొచ్చు, ఎడిటింగ్ పనిలో అది ఇరవై షాట్లు కావొచ్చు.

బ్యాటిల్ రాయల్ దారి తిరగేసి. 42 మంది విద్యార్థులు, మెడకి పట్టీలు, మూడు రోజులు. ఒకరు పోగానే పేరు, మిగిలినవాళ్ల లెక్క తెర మీద పడుతుంది. నెత్తురు దాచదు. పిల్లల సినిమా కాదు, పిల్లల మీద సినిమా.

నెత్తురుచుక్క
ఊగే కెమెరాతో తలనొప్పి వస్తుంది. అది కళ అంటే ఒప్పుకోను.

కత్తెరపోటు
నేనూ ఒప్పుకోను, అతి చేశారు. హత్యల దగ్గర ఊగితే అర్థం ఉంది, ఊళ్లో రొట్టె తినేటప్పుడు కూడా ఎందుకు ఊగాలి? రెండో భాగంలో దర్శకుడు మారాక స్థిమితపడింది. అందులో నాయిక గొట్టంలోంచి అరీనాలోకి పైకి లేచే షాట్ ఉంది. ఐమాక్స్‌లో అక్కడ ఫ్రేము పైకీ కిందికీ విప్పుకుంటుంది. నియమం మారిందని కన్నుకి చెప్పడం అంటే అది.

నోట్‌బుక్
పుస్తకాలు చదివినవాళ్లు పట్టించుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఈ నవలల్లో చాలావరకు "నేను" అని, జరుగుతున్నది జరుగుతున్నట్టే చెప్పుకుంటూ పోతాయి. తెర మీద ఆ "నేను" ఉండదు. మరి లోపలి మాట ఎక్కడ పెట్టాలి?

హంగర్ గేమ్స్‌లో దొరికిన దారి తెలివైనది. ఆట నడిపించే కంట్రోల్ రూమ్ పుట్టించారు. అరీనాలో కుట్టే కందిరీగల విషం ఏం చేస్తుందో నాయిక మనసులో చెప్పుకోదు, వ్యాఖ్యాత సీజర్ టీవీ ప్రేక్షకులకి చెప్తాడు. మనం కూడా ఆ ప్రేక్షకుల్లో కూర్చుండిపోయాం అని తర్వాత స్ఫురిస్తుంది. ఆట నడిపించే సెనెకాని గదిలో పెట్టి, గిన్నె నిండా విషపు పళ్లు పెట్టి తలుపేసే సీన్ కూడా సినిమావాళ్లదే. చావు చూపించలేదు, మాట లేదు, గిన్నె ఒకటి.

మేజ్ రన్నర్‌లో ఇంకా చవక దారి. చీకట్లో పైకి పోతున్న పెట్టె, అందులో పేరు కూడా గుర్తులేని కుర్రాడు. వాడికి తెలియనిది మనకీ తెలియదు, కాబట్టి వివరించాల్సిన పనే లేదు. పుస్తకంలో ఇద్దరి మధ్య మనసుల్లో మాట్లాడుకోవడం ఉంటుంది, దాన్ని పూర్తిగా పీకేశారు, మంచి పని చేశారు.

చెడిపోయిన ఉదాహరణ కావాలంటే కేయాస్ వాకింగ్. మగవాళ్ల ఆలోచనలన్నీ బయటికి వినబడే లోకం. కాగితం మీద అద్భుతం. తెర మీద తల చుట్టూ రంగు పొగ, దాని మీద గొణుగుడు, పైన డైలాగు. ఏది వినాలో తెలియదు. 2017లో తీసి, 2019లో మళ్లీ కొన్ని సీన్లు తీసి, 2021లో వదిలారు. రంగు పొగ మాత్రం అక్కడే ఉంది.

మూడో_ఆట
ఇంతకన్నా ఎక్కువ అడగకూడదు గానీ అడుగుతున్నా. నా స్క్రిప్టు 12 నిమిషాలు. నియమం ఇది: 16 నిండిన ప్రతి ఒక్కరికీ రోజుకి 3 గంటల నిద్రే. అంతకన్నా కావాలంటే ఇంట్లో ఇంకొకరి వాటాలోంచి కోత. అక్క పరీక్షల కోసం తమ్ముడి నిద్ర వాడుకుంటూ ఉంటుంది. తమ్ముడికి రేపు 16. మొదట్లో ఒక నిమిషం వాయిస్ ఓవర్ పెట్టా, ప్రభుత్వం ఎలా వచ్చిందీ అని. చివర్లో అక్క కేంద్ర కార్యాలయంలోకి దూరి సర్వర్ పగలగొడుతుంది.

గోడదాటినోడు
నియమం బాగుంది. ధర ఇంట్లోవాళ్లే కట్టాలి అన్నది దాని బలం. హంగర్ గేమ్స్‌లో తిండిగింజల కోసం, ఆటకి పేర్లు తీసే లాటరీలో తమ చీటీలు పెంచుకునే లెక్క ఇలాంటిదే. నాయిక స్నేహితుడు గేల్ పేరు 42 సార్లు ఉంటుంది. ఆ 42 వినగానే వాళ్లింట్లో ఎన్ని నోళ్లున్నాయో, ఎన్నేళ్లుగా ఆకలో తెలిసిపోతుంది. మీకూ అలాంటి అంకె ఒకటి కావాలి. అక్క ఇప్పటికి తమ్ముడి దగ్గర ఎన్ని గంటలు వాడింది? గోడ మీద పెన్సిల్ గీతలుగా చూపించండి.

సర్వర్ పగలగొట్టడం తీసేయండి. 12 నిమిషాల సినిమాలో కూడా మూడో భాగం తీస్తున్నారు మీరు. 😀

కత్తెరపోటు
వాయిస్ ఓవర్ కూడా కొట్టేయండి. స్క్రిప్టు పేజీ ఇంచుమించు నిమిషం అనుకుంటే, నియమం రెండో పేజీ దాటకూడదు, దాన్ని ఎవరో మీరడం నాలుగో పేజీలో జరగాలి. ప్రభుత్వం ఎలా వచ్చిందో ఎవడికీ అక్కర్లేదు. క్లాసురూమ్‌లో ఒకడు కునుకు తీస్తాడు, చేతి పట్టీ కూస్తుంది, పక్కవాడు తల తిప్పుకుంటాడు. అయిపోయింది, నియమం చెప్పేశారు.

సబ్‌టైటిల్_సుబ్బులు
వాయిస్ ఓవర్ అంత పాపమేం కాదు. డైవర్జెంట్ దాంతోనే మొదలవుతుంది, ఐదు వర్గాలూ అందులోనే చెప్పేస్తారు.

నోట్‌బుక్
చెప్పేశారు, కానీ గుర్తుండేది అదా? ఎంపిక రోజు సీన్ గుర్తుంటుంది. ఐదు గిన్నెలు. రాళ్లు, నిప్పులు, నీళ్లు, మట్టి, గాజు. అరచేయి కోసుకుని చేయి చాపుతుంది, చుక్క నిప్పుల మీద పడి చుయ్యిమంటుంది. ఆ చప్పుడుతో ఇల్లూ అమ్మా నాన్నా పోయారు. వాయిస్ ఓవర్ తీసేసినా ఈ సీన్ నిలబడుతుంది. ఈ సీన్ తీసేసి వాయిస్ ఓవర్ ఉంచి చూడండి.

సబ్‌టైటిల్_సుబ్బులు
సరే, ఆ చుయ్యికి ఓటేస్తున్నా.

రంగులడబ్బా
బట్టలకి: మూడు రంగులు మించొద్దు. అందరికీ ఒకే మసక రంగు, నిద్ర కొనుక్కోగలిగే ఒక్క మనిషికి తెల్లటి ఇస్త్రీ చొక్కా. కొత్త బట్టలు తెచ్చి అలాగే తొడిగితే నాటకం డ్రెస్సుల్లా ఉంటాయి. రెండు మూడుసార్లు వేడినీళ్లలో ఉతికి, ఆరాక మోచేతులు, కాలరు మడత, జేబు అంచుల దగ్గర ఇసుక కాగితంతో రుద్దండి. ఒళ్లు ఎక్కడ రాసుకుంటుందో అక్కడే అరగాలి. ఛాతీ మధ్యలో రుద్దితే ఎలుకలు కొట్టినట్టుంటుంది. మరకలకి పల్చటి బ్రౌన్ రంగు స్ప్రే, దగ్గరగా కాకుండా చెయ్యంత దూరం నుంచి. ముందు పాత గుడ్డ మీద కొట్టి చూడండి. కళ్ల కింద నలుపు మేకప్ మాత్రం తక్కువ, లేకపోతే జాంబీ సినిమా అయిపోతుంది.

చివరిబెంచీ
12 రోజులు నిజంగానే 3 గంటలు నిద్రపోనిస్తే మేకప్ ఖర్చు మిగులుతుంది

కత్తెరపోటు
నిద్రలేని యూనిట్‌తో ఫోకస్ కూడా మిగలదు. చివరిబెంచీని ఎవరైనా నిద్రపుచ్చండి.

మూడో_ఆట
వాయిస్ ఓవర్, సర్వర్ రెండూ తీసేశా. ఇప్పుడు ముగింపు: రాత్రి 12 కొడుతుంది, తమ్ముడికి 16, పట్టీ వెలుగుతుంది. అక్క తన పట్టీ నుంచి వాడికి గంటలు తిరిగి ఎక్కించాలని చూస్తుంది, ఇచ్చే దారి యంత్రంలో లేదు, తీసుకునేదే ఉంది. అక్కడ కట్. పట్టీకి చిన్న ఎల్‌ఈడీ, బటన్ బ్యాటరీ పెట్టి ట్రై చేశా. ఫోన్‌లో షూట్ చేస్తే లైటు మిణుకుమంటోంది, కంటికి మాత్రం బాగానే ఉంది.

రంగులడబ్బా
డిమ్మర్ వాడారా? చవక డిమ్మర్లు లైటుని నిజంగా తగ్గించవు. వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ ఉంటాయి, కంటికి అందదు గానీ కెమెరా పట్టేస్తుంది. డిమ్మర్ తీసి నేరుగా బ్యాటరీకి కలపండి. వెలుగు ఎక్కువైతే పైన తెల్ల పేపర్ టేపు ఒక పొర, చాలకపోతే రెండో పొర. రెసిస్టర్ విలువ పెంచినా తగ్గుతుంది. ఫోన్‌ని ఆటోలో వదలకండి. 25 ఫ్రేములకి షటర్ 1/50 దగ్గర లాక్ చేయండి, ఎక్స్‌పోజర్ మొహానికి పెట్టుకోండి, పట్టీకి కాదు.

మూడో_ఆట
డిమ్మరే. అది తీసేసి టేపు రెండు పొరలు వేశా, మిణుకు పోయింది. ఎరుపు కాస్తా నారింజలా పడుతోంది ఇప్పుడు.

రంగులడబ్బా
ఎక్స్‌పోజర్ ఇంకా ఎక్కువుంది. మూడో పొర వేయండి.